మిల్టన్ వచ్చిన వారం ఓర్లాండోలో మేము

2024 అక్టోబర్‌లో మేం ఫ్లోరిడాలోని ఓర్లాండో వెళ్లొచ్చినప్పటి నుంచి ట్రిప్ ఎలా జరిగింది ట్రిప్ ఎలా జరిగింది అని అడిగినోళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఒకేసారి ఇలా రాసేస్తున్నా. ఏ పాస్ కొంటే లైన్ తగ్గుతుంది, ఏ థీమ్ పార్క్‌లో ఏ రైడ్ ముందెక్కాలి, ఇవన్నీ చెప్పే తెలుగు వీడియోలు బోలెడున్నాయి కాబట్టి అవి నేను రాయను. నేను రాయాలనుకున్నది హరికేన్ మిల్టన్ వచ్చిన రాత్రి మా హోటల్ లాబీ గురించి, అక్కడ ఫోన్లు పట్టుకుని తిరిగిన జనం గురించి.

మేముండేది అట్లాంటా. పాప సెలవులు, వైజాగ్ నుంచి అమ్మ వచ్చి ఉంది, ఫ్లైట్ టికెట్లు చూస్తే నలుగురికీ కలిపి కళ్లు తిరిగాయి, సరే కారులోనే పోదాం అని శనివారం పొద్దున్నే ఐ-75 హైవే ఎక్కాం. వాల్డోస్టా దగ్గరకొచ్చేసరికి రోడ్డుకి రెండు పక్కలా చెట్లు సగానికి విరిగి ఉన్నాయి, కరెంటు వాళ్ల లారీలు బారులు తీరి నిలబడ్డాయి. అంతకు ముందు వారమే, సెప్టెంబర్ 26 రాత్రి, హరికేన్ హెలీన్ ఆ దారినే పోయింది. అమ్మ కిటికీలోంచి చూస్తూ "హుద్‌హుద్ అప్పుడు మన కైలాసగిరి ఇలాగే అయిపోయింది రా" అంది. ఇంకో తుఫాను గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పుట్టిందనీ, దానికి మిల్టన్ అని పేరు పెట్టారనీ మాకు తెలిసింది ఆ రాత్రి హోటల్‌కి చేరాకే.

ఆదివారం డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్క్. పార్కింగే 30 డాలర్లు, టికెట్ల సంగతి సరేసరి, పాప మాత్రం గాల్లో తేలిపోయింది. ఆ రోజు గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, జనం, ఎండ, లైన్లు.

సోమవారం మధ్యాహ్నానికి మాత్రం కథ మారిపోయింది. ఆ పొద్దుటిదాకా మామూలు హరికేన్ అనుకున్నది కేటగిరీ 5, అంటే అన్నిటికంటే పెద్ద స్థాయి, అయిపోయింది, గాలి గంటకి 180 మైళ్లు. మయామి టీవీలో జాన్ మోరాలెస్ అని వాతావరణం చెప్పే పెద్దాయన, దశాబ్దాల అనుభవం ఉన్న మనిషి, తుఫాను లోపల గాలి ప్రెషర్ ఎంత వేగంగా పడిపోయిందో చెప్తూ చెప్తూ లైవ్‌లోనే గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు. ఆ క్లిప్ చూశాక మా ఆవిడ "ఏవండీ, ఇంటికెళ్లిపోదాం" అంది. అప్పటికే గల్ఫ్ తీరంలోని టాంపా వైపు నుంచి లక్షల మంది ఖాళీ చేస్తున్నారు, ఐ-75 ఉత్తరం వైపు కదలట్లేదు, టోల్ తీసేసినా లాభం లేదు, దారిలో పెట్రోల్ బంకులకి నో గ్యాస్ అని సంచులు తగిలించేశారు. పాపని, అమ్మని పెట్టుకుని ఫుల్ ట్యాంక్ లేకుండా ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం కంటే ఇక్కడే నయం అనిపించింది. ఫ్లోరిడా వాళ్లకి ఒక మాట ఉంది, నీళ్లొస్తే పారిపో, గాలొస్తే దాక్కో అని. ఓర్లాండో సముద్రానికి దూరం, ఉప్పెన రాదు, మాది ఇంటర్నేషనల్ డ్రైవ్ మీద గట్టి కాంక్రీట్ హోటల్. ఉండిపోదామని డిసైడ్ అయ్యాం. గది పొడిగిస్తే రేటు మొదటి రాత్రుల కంటే ఎక్కువ వేశారు, అడిగితే సిస్టమ్‌లో అంతే చూపిస్తోంది అన్నారు. ఎమర్జెన్సీ పెట్టాక రేట్లు విపరీతంగా పెంచకూడదని ఆ రాష్ట్రంలో చట్టమే ఉంది, కానీ ఆ టైమ్‌లో గొడవ పెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది, కట్టేశా.

మంగళవారం పబ్లిక్స్‌కి వెళ్తే నీళ్ల షెల్ఫ్ ఖాళీ, బ్రెడ్ ఖాళీ. అమ్మ మాత్రం కంగారు పడలేదు. గదికి రాగానే బాత్‌టబ్ శుభ్రంగా కడిగి నిండా నీళ్లు పట్టేసింది, ఐస్ మెషిన్ దగ్గరికి పాపని తీసుకెళ్లి కవర్లు నింపుకొచ్చింది, మేం వెంట తెచ్చుకున్న చిన్న రైస్ కుక్కర్‌లో వాయి తర్వాత వాయి అన్నం వండి పులిహోర కలిపేసింది, కరెంటు పోతే రెండు రోజులు నిలవుండాలని. తర్వాత టీవీలో అధికారులు కూడా బాత్‌టబ్‌లు నింపుకోండి అని చెప్తుంటే అమ్మ నా వైపు చూసి తల ఊపింది.

బుధవారం, అంటే 9వ తారీఖు, ఎయిర్‌పోర్ట్ పొద్దున 8కే ఆపేశారు. డిస్నీ పార్కులు మధ్యాహ్నం 1 నుంచి ఒక్కొక్కటిగా మూశారు, ఇంకో థీమ్ పార్క్ యూనివర్సల్ 2కి మూసేసింది, హాలోవీన్ షోలు క్యాన్సిల్. పొద్దున మాత్రం రెండూ తెరిచే ఉన్నాయి, లైన్లు లేవు కదా అని చాలామంది మూసేదాకా రైడ్స్ ఎక్కారు, వ్లాగర్లయితే ఆఖరి గంట, ఆఖరి రైడ్ అంటూ లైవ్‌లు పెట్టారు. నాకు అక్కడే మొదటిసారి కోపమొచ్చింది. ఆ రైడ్ నడిపే అమ్మాయి ఇంటికెళ్లి తన కిటికీలకి చెక్కలు కొట్టుకోవాలి కదా, దాని గురించి ఒక్కళ్లూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

మా హోటల్ వెనకాల కుర్రాళ్లిద్దరు పూల్ దగ్గరున్న కుర్చీలన్నీ తీసుకెళ్లి ఒక్కొక్కటే నీళ్లలోకి దించేశారు. గాలికి ఎగిరి అద్దాలు పగలకొట్టకుండా అడుగున ఉంచుతారట. ఆకాశం నల్లగా, సన్నగా చినుకులు, నీలం నీళ్ల అడుగున తెల్ల కుర్చీలు వరసగా పేర్చినట్టు ఉన్నాయి. పాప అది చూసి చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

సాయంత్రానికి లాబీ నిండిపోయింది. సగం మంది మాలాంటి టూరిస్టులు, సగం మంది గల్ఫ్ తీరం నుంచి వచ్చినోళ్లు, కుక్కలు, పిల్లులు, ఒకాయన దగ్గర పంజరంలో చిలక. టాంపా పక్కనున్న పినెల్లాస్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది, ఒళ్లో జిప్‌లాక్ కవర్, అందులో ఇన్సూరెన్స్ కాగితాలు, ఇంటి దస్తావేజు. హెలీన్‌కి ఇంట్లోకి నీళ్లొచ్చి సోఫాలు, పరుపులు, గోడల జిప్సం అన్నీ పీకి వీధిలో కుప్పేశారట, వీధంతా అలాంటి కుప్పలేనట, ఎత్తకముందే ఇది వచ్చేస్తోంది, ఇప్పుడు అవన్నీ గాలికి లేచి ఎవరి ఇంటి మీద పడతాయో అని ఆవిడ బాధ. ఎదురుగా ఎలుక చెవులు పెట్టుకుని, పసుపు రెయిన్‌కోట్ వేసుకుని ఒక కుర్రాడు ట్రైపాడ్ పెట్టి, తలుపులోంచి తడుస్తూ లోపలికి వచ్చే సీన్ మళ్లీ మళ్లీ తీసుకుంటున్నాడు. బయట ఇంకా పెద్ద వానే లేదు.

ఫ్రంట్ డెస్క్‌లో ఉన్నావిడది ప్యూర్టో రికో దీవి. 2017లో హరికేన్ మరియా వచ్చాక అక్కడి వాళ్లు చాలామంది ఓర్లాండో పక్కనున్న కిసిమ్మీ చుట్టుపక్కలకి వచ్చి స్థిరపడ్డారు, ఈవిడా అంతే. పిల్లల్ని అక్క ఇంట్లో వదిలి, బ్యాగ్‌లో రెండు జతల బట్టలు పెట్టుకుని వచ్చేసింది, తుఫాను దాటేదాకా ఇక్కడే డ్యూటీ, ఇక్కడే నిద్ర. పార్కుల్లో కూడా ఇలా లోపలే ఉండిపోయే టీమ్‌లుంటాయి, రైడ్ అవుట్ క్రూ అంటారు, రిసార్టుల్లో వేల మందికి తిండి, భద్రత అన్నీ వాళ్లే చూడాలి. ఆ పసుపు కోటు కుర్రాడు డెస్క్ దగ్గరికెళ్లి, భయంగా ఉందా, మీ పిల్లలు గుర్తొస్తున్నారా అని కెమెరా ముందు పెట్టాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి వద్దు అంది. ఒక్క లైన్ చాలు అన్నాడు. మళ్లీ వద్దు అంది. అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రమే, అయినా మొత్తం అర్థమైపోయింది, లేచి వెళ్లి పులిహోర డబ్బా ఒకటి కౌంటర్ మీద పెట్టి, ఆవిడకీ కెమెరాకీ మధ్యలో నిలబడిపోయింది. ఆ కుర్రాడు ఇంకో పక్కకి పోయాడు. నాకు అమ్మని చూస్తే ఎంత గర్వమేసిందో చెప్పలేను.

రాత్రి 8:30 ప్రాంతంలో మిల్టన్ సరసోటా దగ్గర సియెస్టా కీలో తీరం దాటింది, కేటగిరీ 3. మా దగ్గర అసలు గాలి అర్ధరాత్రికి మొదలైంది. ఫోన్లన్నీ ఒకేసారి అలర్ట్ కొట్టేవి, లాబీలో వందల ఫోన్లు ఒకేసారి అరిస్తే ఆ శబ్దానికే పాప వణికిపోయింది. అప్పుడే మన తెలుగబ్బాయి ఒకడు, సాయంత్రం నాతో "అన్నా, మీరూ హైదరాబాదా" అని మాట కలిపినవాడే, "హాయ్ ఫ్రెండ్స్, ఇప్పుడు మీకు రియల్ హరికేన్ చూపిస్తా" అంటూ సైడ్ ఎగ్జిట్ తలుపు తోసేశాడు. తలుపు చేతిలోంచి జారి గోడకి కొట్టుకుంది, వాన అడ్డంగా లోపలికొచ్చింది, నేల మీద దుప్పట్లేసుకుని పడుకున్నోళ్లు తడిసిపోయారు, చిలక కీచుమని ఒకటే గోల. సెక్యూరిటీ ఆయన, వంటగదిలోంచి ఇంకొకాయన, నేను, ముగ్గురం కలిసి భుజాలు పెట్టి నెట్టితే గానీ తలుపు పడలేదు. ఆ ప్యూర్టో రికో ఆవిడ తువ్వాళ్లు తెచ్చి మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు ఒత్తుతోంది. అతను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, "చూశారు కదా ఫ్రెండ్స్, లైక్ చేయండి" అని. నేను ఫోన్ దించమని గట్టిగానే అరిచా, తెలుగులోనే అరిచా, లాబీ అంతా తిరిగి చూసింది. ఆ అరిచినందుకు నాకు ఇప్పటికీ ఏ మాత్రం బాధ లేదు.

అలాగని అందరినీ ఒకే గాటన కట్టను. లాబీ నుంచి గదికి వెళ్లాక మిగిలిన రాత్రంతా ఇంకో వ్లాగర్ లైవ్ నడుస్తూనే ఉంది. ఓర్లాండో అతనే, మామూలు రోజుల్లో పార్కుల వీడియోలు చేస్తాడు. ఆ రాత్రి తన ఇంట్లో కూర్చుని, స్క్రీన్ మీద రాడార్ పెట్టి, వచ్చిన ప్రతి వార్నింగ్‌ని కౌంటీ పేరుతో సహా నిదానంగా చదివాడు. ఎవరో మా అమ్మానాన్న లేక్‌ల్యాండ్‌లో ఉన్నారు, ఫోన్ కలవట్లేదు అని రాస్తే, అక్కడున్న వాళ్లెవరైనా మీ వీధి ఎలా ఉందో చెప్పండి అని అడిగాడు, ఒకళ్లిద్దరు చెప్పారు కూడా. కరెంటు పోయి, ఫోన్ బ్యాటరీ మీదే మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అరుపుల్లేవు, మ్యూజిక్ లేదు.

ఆ లైవ్ చూస్తుంటే నాకు 2014 అక్టోబర్ 12 గుర్తొచ్చింది. హుద్‌హుద్ నేరుగా వైజాగ్ మీదకే వచ్చిన రోజు. నేను ఇక్కడ, అమ్మానాన్న మద్దిలపాలెంలో. టవర్లు పోయి ఫోన్ లేదు, టీవీలో ఎయిర్‌పోర్ట్ పైకప్పు లేచిపోవడం, బీచ్ రోడ్డు, అవే మళ్లీ మళ్లీ చూపించారు, మా వీధి ఎవడు చూపిస్తాడు. చివరికి ఎవరో తెలియని కుర్రాడు ఫేస్‌బుక్‌లో మా జంక్షన్ ఫొటో పెడితే అందులో మా అపార్ట్‌మెంట్ ఒక మూల నిలబడి కనిపించింది, ఆ ఫొటో ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో. అమ్మని అప్పటి సంగతి అడిగితే, గాలి ఒక్కసారిగా ఆగిపోయిందనీ, అయిపోయిందనుకుని జనం బయటికి వచ్చాక రెండో పక్క నుంచి కొట్టిందనీ, తర్వాత పాల ప్యాకెట్ కోసం నాన్న ఎంత దూరం నడిచారో, అన్నీ చెప్పుకొచ్చింది. పదేళ్లలో ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. బయట కిటికీ అద్దం బుర్రుమని కొట్టుకుంటూనే ఉంది.

తెల్లారేసరికి మిల్టన్ అట్లాంటిక్‌లోకి వెళ్లిపోయింది. మా చుట్టూ కొమ్మలు, పడిపోయిన బోర్డులు, నిలిచిన నీళ్లు, అంతే. కానీ తీరంలో అలా లేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ట్రాపికానా ఫీల్డ్ పైకప్పు చిరిగి పేలికలైంది, 30 లక్షలకి పైగా కనెక్షన్లకి కరెంటు లేదు, సెయింట్ లూసీ కౌంటీలో తుఫాను కేంద్రం రాకముందే టోర్నడోలు వచ్చి జనాన్ని చంపేశాయి. ఆ పెద్దావిడ పక్కింటాయనకి ఫోన్ చేసింది, కలిసింది, ఇల్లు నిలబడే ఉందన్నాడట. ఈసారి ఉప్పెన దక్షిణం పక్కకి పోయి టాంపా బే చాలావరకు తప్పించుకుంది.

అదే టైమ్‌కి వైజాగ్ నుంచి మావయ్య ఫోన్, ఏడుపు గొంతుతో. డిస్నీ కోట చుట్టూ నీళ్లు నిలిచిన ఫొటో ఒకటి వాట్సాప్‌లో వచ్చిందట, మేమంతా మునిగిపోయామనుకున్నాడు. కంప్యూటర్‌తో చేసిన దొంగ ఫొటోలు అవి, ప్రపంచమంతా తిరిగాయి, రష్యా ప్రభుత్వ వార్తా సంస్థ కూడా వాటిని నిజమనే వేసింది. మావయ్యకి బీపీ ఉంది. ఆ ఫొటో చేసినవాడికి అదేం తెలుసు.

శుక్రవారం పార్కులు తెరిచారు. వెళ్లాలా వద్దా అని మా ఆవిడా నేనూ వాదించుకున్నాం, పాప మొహం చూసి డిస్నీ వాళ్ల ఇంకో పార్క్ ఎప్కాట్‌కి వెళ్లాం. గేటు దగ్గర పార్క్ వాళ్లు చేతులూపుతున్నారు, వాళ్లకెదురుగా కెమెరాలు బారులు. లోపల తుఫాను వచ్చిన ఆనవాలే దాదాపు లేదు, రాత్రీ పగలూ ఎంత ఊడ్చి ఉంటారో. చెత్త తీస్తున్న ఒక పెద్దాయనని మీ ఇంట్లో అంతా ఓకేనా అని అడిగితే, కరెంటు ఇంకా రాలేదు, ఇక్కడ ఏసీ ఉంది కదా అని ఎక్స్‌ట్రా షిఫ్ట్ అడిగి వచ్చా అన్నాడు. నన్ను ఇలా అడిగిన గెస్ట్ నువ్వే అని కూడా అన్నాడు, నవ్వుతూనే.

శనివారం, దసరా రోజు, మళ్లీ ఐ-75. గేన్స్‌విల్ దాటేదాకా పెట్రోల్ దొరకలేదు, దొరికిన చోట పెద్ద లైన్. ఎదురుగా దక్షిణం వైపు కరెంటు వాళ్ల లారీలు ఆగకుండా వెళ్తూనే ఉన్నాయి. అమ్మ వెనక సీట్లోంచి మావయ్యకి ఫోన్ పట్టుకుని దారిపొడవునా ఒకటే వాయించడం: "ఒరేయ్, ఆ యూట్యూబోళ్లు చెప్పింది కాదురా, నేనున్నా కదా అక్కడ, నేను చెప్తా విను. ముందు బాత్‌టబ్ నింపాను..."