నాగావళి ఒడ్డున రెల్లుపూల వేళ

పైడితల్లి సిరిమానోత్సవం ముగిసిన మూడో రోజు ఉదయం నేనూ మా అక్క కూతురూ విజయనగరంలో చీపురుపల్లి మీదుగా రాజాం వెళ్లే బస్సెక్కాము. ముప్ఫై ఏళ్లపాటు డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి, దాదాపు ఏటా వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకీ అమ్మాళ్ పేరు బోర్డు మీద రాసిన నేను, ఆమె పరిశోధించిన చెరకునూ రెల్లునూ ఒకే చోట నిలబడి తీరికగా చూసింది లేదు. ఉద్యోగ విరమణ తరువాత మిగిలిపోయిన పనుల్లో ఇదొకటి.

రాజాంలో టిఫిను దగ్గర ఆలస్యం చేసి అసలు బస్సును వదులుకున్నాము కనుక, వంగర మండలంలోని సంగాం దాకా ఆటోలో వెళ్లవలసి వచ్చింది. 2022లో ఈ మండలం విజయనగరం జిల్లాలో చేరినా, నా నోట ఇప్పటికీ శ్రీకాకుళమనే వస్తుంది. సువర్ణముఖి, వేగవతి వచ్చి నాగావళిలో కలిసే ఆ చోట సంగమేశ్వరుని దర్శనం చేసుకొని, ఏటి గట్టు వెంట నడిచాము. ఇసుక మేటల మీద రెల్లు విరగబూసి ఉంది. దగ్గరకు వెళ్లి ఒక కాడను వంచబోతే ఆకు అంచు రంపంలా వేలిని కోసింది. పై తొడుగు ఒలిచి చూస్తే లోపల చిటికెన వేలంత సన్నని గడ. దానికి చెరకుకు ఉన్నట్లే కణుపులు, కణుపు కణుపుకీ ఒక చిన్న కన్ను.

గట్టు దిగువనే చెరకు తోట. ఒక పెద్దాయన ఎండుటాకులను మెలిపెట్టి గడలకు జడచుట్టు వేసి, పక్క వరుసలతో కలిపి నిలగడుతున్నారు. తుఫానుల నెలలో ఒక్క కట్టు వదులైనా తోట పడిపోతుందని చెప్పారు. మేము వచ్చిన పని తెలిసి ఆయన నవ్వారు. “ఏటమ్మా, రెల్లు చూడ్డానికి ఇంత దూరం ఒచ్చారా? గట్టు కోసుకుపోకుండా ఉంటాదని ఉంచాం గానీ, తోటలో దూరితే దుంప తవ్వలేక సచ్చిపోతాం.”

ఆ తవ్వలేని మొండితనమే చెరకుకు కావలసి వచ్చింది. తియ్యని, లావుపాటి గడలిచ్చే జాతికి తెగుళ్లను, నీటి ఎద్దడిని తట్టుకొనే శక్తి తక్కువ. 1912లో ఏర్పడిన కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో వెల్లై అనే చెరకును అక్కడి రెల్లుతో సంకరపరచగా పుట్టిన కో 205 రకం 1918లో రైతులకు అందింది.

“పిన్నీ, చెరకులో ఎనభై క్రోమోజోములు, ఆ రెల్లులో అరవై నాలుగు అన్నావు కదా, సగం సగం కలిస్తే డెబ్బై రెండు రావాలి,” అంది మా పిల్ల. మెలిక అక్కడే ఉంది. ఈ సంకరంలో తల్లి చెరకు తన 80 క్రోమోజోములనూ యథాతథంగా బిడ్డకు ఇచ్చేస్తుంది, తండ్రి రెల్లు మాత్రం సగమే, అంటే 32 ఇస్తుంది. కో 205లో ఉన్నవి 112. తరగతిలో ఎంత చెప్పినా పిల్లలు నమ్మని లెక్క ఇదే.

1897లో తలశ్శేరిలో పుట్టి, 1931లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందిన జానకీ అమ్మాళ్, 1934లో ఆ కోయంబత్తూరు కేంద్రంలో చేరారు. సూక్ష్మదర్శిని కింద కణాల్లోని క్రోమోజోములను లెక్కించడం ఆమె నిత్యకృత్యం. రెల్లు చూపుకు ఒకటే గడ్డి అయినా, ఒక్కో ప్రాంతపు రెల్లులో ఆ సంఖ్య ఒక్కో విధంగా, నలభై నుంచి నూట ఇరవై ఎనిమిది దాకా ఉంటుంది. చెరకును ఆమె మొక్కజొన్నతో కూడా సంకరపరచారు. సాహసమంటే అదీ! 1939లో ఎడిన్‌బరో జన్యుశాస్త్ర మహాసభకు వెళ్లినప్పుడు యుద్ధం మొదలై బ్రిటన్‌లోనే ఉండిపోయి, 1945లో జన్యుశాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాసు వెలువరించారు. 1951లో నెహ్రూ పిలుపు మీద తిరిగి వచ్చి భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థను పునర్వ్యవస్థీకరించే పని చేపట్టారు. పద్మశ్రీ 1977లో వచ్చింది. ఎనభై ఏళ్ల వయసులో కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే ఆనకట్టకు ఎదురు నిలిచి, 1984 ఫిబ్రవరిలో కన్నుమూశారు; ఆ అడవి జాతీయ ఉద్యానమైంది అదే ఏడాది నవంబరులో.

నేను ఇదంతా చెబుతుండగా పెద్దాయన పని ఆపకుండానే విని, “అయితే ఇది దానికి మేనరికమన్నమాట,” అన్నారు. మేనరికం కాదు, తండ్రి వరస అన్నాను. ఆయన ఒక గడ విరిచి మా పిల్ల చేతికిచ్చారు. అది ఒక పక్క చెరకు నములుతూ, మరో పక్క ఒలిచిన రెల్లు కాడనూ కొరికి చూసి, పీచు తప్ప ఏమీ లేదని ఉమ్మేసింది.

సాయంత్రం రాజాం నుంచి వచ్చే బస్సులో అది కిటికీ పక్కన రెల్లుపూల కట్ట పెట్టుకుంది. చీపురుపల్లి వచ్చేసరికి ఆ దూది ముందు సీట్లలోని వారి చొక్కాల నిండా అంటుకోవడంతో, నేను అందరికీ క్షమాపణలు చెప్పుకుంటూ దులపవలసి వచ్చింది.