లప్పం మీద బంగారు రేకు: పెరూజాలో ఒక ఆదివారం

ఇటలీలో ప్రభుత్వ మ్యూజియంలకి నెలలో మొదటి ఆదివారం టికెట్ ఉండదు. ఫ్యాక్టరీల్లో పనిచేసే మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. నాకు చెప్పింది ఇక్కడి యూనివర్సిటీలో చదువుకుంటున్న నల్గొండ కుర్రాడు. "అన్నా, నువ్వు రోజూ చెక్క మీదే కదా రంగులేస్తావు. అక్కడున్నవీ చెక్కలే, ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. నేను పెరూజా దగ్గర ఫర్నిచర్ తయారుచేసే చోట ఫినిషింగ్‌లో ఉన్నాను. వారమంతా మాస్కు, సాండ్ పేపర్, స్ప్రే గన్. ఆదివారం వస్తే పడుకోవాలనిపిస్తుంది. అయినా వెళ్లాను.

మినీమెట్రో చివరి స్టేషన్‌లో దిగి పైకెక్కితే కోర్సో వనూచి అనే వీధి. పెరుజీనో అని లోకం పిలిచే పెయింటర్ పియెత్రో వనూచి పేరే ఆ వీధికి పెట్టారు. ఆ వీధిలోనే పాలాత్సో దెయ్ ప్రియోరి ఉంది. ఒకప్పుడు ఈ ఊరిని పాలించిన ప్రియోర్లు వ్యాపారుల, చేతిపనివాళ్ల సంఘాల నుంచి వచ్చేవాళ్లు. వాళ్ల కొలువుండిన ఆ భవనంలోనే, పై అంతస్తుల్లో, ఇప్పుడు ఉంబ్రియా నేషనల్ గ్యాలరీ నడుస్తోంది. పనివాళ్లు చేసిన వస్తువులకి ఇంతకన్నా తగిన చోటు లేదని నా అభిప్రాయం.

మొదటి గదుల్లోనే ఆగిపోయాను. ఆ పాత పటాలు చాలావరకు పోప్లర్ చెక్క మీద చేసినవి. ముందు జంతువుల తోలు ఉడికించి తీసిన జిగురు పూస్తారు. దాని మీద జిప్సం, జిగురు కలిపిన లప్పం, ఒక పూత తర్వాత ఇంకొకటి. ఆరాక గీకి నున్నగా చేస్తారు. బంగారం అంటించాల్సిన చోట ఎర్రమట్టి పూత వేసి, తడిపి, పలచటి బంగారు రేకు పరిచి, నున్నటి రాయితో రుద్ది మెరుపు తెస్తారు. రంగులు కలిపేది గుడ్డు పచ్చసొనతో. వరస మొత్తం నాకు తెలిసిన పనే. ప్రైమర్ సరిగా పడకపోతే పై కోటింగ్ ఎంత బాగున్నా నిలవదని మా సెక్షన్‌లో కొత్తవాళ్లకి మొదట నేర్పేది అదే. ఇక్కడ ఏడు వందల ఏళ్లుగా నిలిచింది.

దూచ్చో అనే సియెనా చిత్రకారుడు 1300 తర్వాత కొన్నేళ్లకి గీసిన మరియమ్మ ఉంది, ఒడిలో బిడ్డతో. ఆ కాలంలో ముఖాలకి కింద ఆకుపచ్చ మట్టిరంగు వేసి, పైన గులాబీ రంగు పలచగా వేసేవాళ్లు. పైపూత అరిగినచోట ఆ పచ్చదనం బయటపడుతుంది. కుర్రాడు పాత పటాల్లో ముఖాలు జబ్బుపడినట్టున్నాయేమని అడిగితే ఇదే వివరించాను. వాడు చదువుకున్నవాడు, అయినా ఆ రోజు నేను చెప్పేది శ్రద్ధగా విన్నాడు. పరాయి దేశంలో నా పని గురించి అలా అడిగి తెలుసుకున్నవాళ్లు చాలా తక్కువ.

ఇక్కడే ఉన్న ఇంకో పెద్ద పటాన్ని పియెరో దెల్లా ఫ్రాంచెస్కా అనే చిత్రకారుడు ఈ ఊళ్లోని సంత్ ఆంతోనియో మఠం సన్యాసినుల కోసం చేశాడు. నడుమ వరసలో సాధువుల వెనక అంతా బంగారం. పైభాగంలో మాత్రం దేవదూతకీ మరియమ్మకీ మధ్య స్తంభాల వరస లోపలికి, ఇంకా లోపలికి వెళ్తూ ఉంటుంది. కింద చిన్న బొమ్మల్లో, బావిలో పడ్డ పిల్లాణ్ని సాధ్వి ఎలిజబెత్ కాపాడే కథ ఉంది. అందరూ పై స్తంభాల దగ్గరే నిలబడతారు. నాకు బావి దగ్గర ఎక్కువసేపు పట్టింది.

పెరుజీనో బొమ్మల్లో ఒకే ముఖం, ఒకే నిలుపు మళ్లీ మళ్లీ వస్తాయని అప్పట్లోనే విమర్శించారట. ఫ్లోరెన్స్‌లోనూ పెరూజాలోనూ వర్క్‌షాపులు నడిపిన మనిషి. కాగితం మీద నిలువెత్తు బొమ్మ గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, ఆ బొమ్మ కిందికి దిగేలా బొగ్గుపొడి అద్దేవాళ్లు. మనవైపు మగ్గం వర్క్ వాళ్లు జాకెట్ మీద డిజైన్ దించేదీ అలాగే. ఫర్మా వాడటంలో తప్పేముంది? దాని మీద చెయ్యి ఎంత బాగా నడిచిందన్నదే చూడాలి. ఆయన వెనక కొండలకి వేసిన పలచటి నీలం చూస్తే ఆ విమర్శ నాకు చిన్నదనిపించింది. పొద్దున డ్యూటీకి వెళ్లేటప్పుడు బస్సులోంచి నాకు కనబడే కొండలు అవే.

1797లో ఫ్రెంచివాళ్లు ఈ ఊరి నుంచి చాలా పటాలు పట్టుకుపోయారు. సాన్ పియెత్రో చర్చి కోసం పెరుజీనో గీసిన క్రీస్తు ఆరోహణం ఇప్పటికీ లియోన్ మ్యూజియంలోనే ఉంది. 1816లో పోప్ దాన్ని లియోన్‌కే ఇచ్చేశాడు. పెరూజా కోసం చేసిన ఆ పనిని చూడాలంటే ఫ్రాన్స్ దాకా వెళ్లాలి. లియోన్‌లో చదువుకుంటున్న మనవాళ్లు ఇది చదివితే ఒక పూట వీలు చేసుకుని ఆ పటం చూడండి. అందులోని నీలం ఎలా ఉందో నాకు రాయండి.