మాజీ సైనికుడిగా మైండ్‌ఫుల్‌నెస్ ఎనిమిది వారాలు: నా అనుభవం

ధ్యానం నేర్పేవాళ్ళు మొదట చెప్పే మాట "కళ్ళు మూసుకోండి, ఒళ్ళు వదిలేయండి". ఫీల్డ్ ఏరియాలో చేసి వచ్చినవాడికి అన్నిటికంటే కష్టమైన పని అదే. సంత్రీ డ్యూటీలో కన్ను మూతపడితే ప్రాణాల మీదికి వస్తుందని ఏళ్ళ తరబడి నేర్చుకున్న శరీరం, పెన్షన్ మొదలవగానే ఆ పాఠం మరచిపోదు. ఫౌజీలు మధ్యలో మానేయడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం. అందుకే కోర్సు చివరిదాకా చేయడానికి నాకు పనికొచ్చిన మార్పులు రాస్తున్నాను.

కోర్సు పేరు ఎంబీఎస్ఆర్ (మైండ్‌ఫుల్‌నెస్ బేస్డ్ స్ట్రెస్ రిడక్షన్), అంటే ఈ క్షణంలో జరిగేదాన్ని గమనిస్తూ ఒత్తిడి తగ్గించుకునే పద్ధతి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టారు. వారానికో క్లాసు, సుమారు రెండున్నర గంటలు. ఇంట్లో రోజూ 45 నిమిషాల సాధన. ఆరో వారం అయ్యాక ఒక రోజంతా మౌనం. మంత్రం, పూజ ఉండవు. మనవాళ్ళలో "ఇదేదో స్వామీజీల వ్యవహారం" అనేవాళ్ళూ, "పిచ్చి పట్టినవాళ్ళకు కదా" అనేవాళ్ళూ ఉన్నారు. ఫైరింగ్ రేంజ్‌లో ఊపిరి సర్దుకుని ట్రిగ్గర్ నొక్కడం నేర్చుకున్నవాళ్ళం మనం. ఇక్కడా నేర్పేది దృష్టినే. తేడా ఏమిటంటే, ఇక్కడ శత్రువు కోసం వెతకం.

మొదటి రెండు వారాలూ బాడీ స్కాన్. వెల్లకిలా పడుకుని ఎడమ కాలి వేళ్ళ నుంచి తల దాకా ఒక్కో భాగాన్నీ గమనించాలి. వెల్లకిలా పడుకుంటే గుండె దడ వచ్చేవాళ్ళు కుర్చీలో కూర్చోవచ్చు. వీపు గోడకు ఆనాలి, తలుపు కనబడుతూ ఉండాలి. కళ్ళు సగం తెరిచి, నాలుగైదు అడుగుల దూరంలో నేల మీద చూపు నిలపాలి. ఈ సంగతి క్లాసుకు ముందే టీచర్‌కు చెప్పేయండి, లేకపోతే అందరి ముందూ కళ్ళు మూయమంటారు. 45 నిమిషాలు కుదరకపోతే పదితో మొదలుపెట్టి వారానికి ఐదేసి పెంచండి. ఇంట్లోవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి: సాధనలో ఉన్నప్పుడు వెనక నుంచి భుజం తట్టకూడదు, ఎదురుగా వచ్చి పేరుతో పిలవాలి.

ఊపిరిని గమనించమన్నప్పుడు కొందరికి ఛాతీ బిగుసుకుపోతుంది. అలాంటప్పుడు ఊపిరి సంగతి వదిలేసి అరికాళ్ళ మీద దృష్టి పెట్టండి. నేల చల్లదనం, మడమ మీది బరువు, అంతే. ఫిరంగుల దగ్గర పనిచేసినవాళ్ళ చెవుల్లో మోగే శబ్దం నిశ్శబ్దమైన గదిలో ఇంకా పెద్దదిగా వినిపిస్తుంది. ఫ్యాన్ వేసుకోండి. మోకాళ్ళు, నడుము దెబ్బతిన్నవాళ్ళు యోగాసనాలు కుర్చీలోనే చేయవచ్చు.

మనవాళ్ళకు బాగా నచ్చేది నడక ధ్యానం. పది పదిహేను అడుగులు నడిచి, ఆగి, వెనక్కి తిరగాలి. దవడ బిగించి, లెక్కపెడుతూ డ్రిల్‌లా నడిస్తే అది కవాతే అవుతుంది. మడమ ఆనడం, బరువు ముందుకు జరగడం, వేళ్ళు లేవడం తెలిసేంత నెమ్మదిగా నడవాలి. దీపావళి టపాసుల రోజుల్లో కూర్చుని చేయడం మానేసి నడకే చేయండి. మద్యం తాగిన రాత్రి ఏదీ వద్దు.

పాత దృశ్యం కళ్ళ ముందుకు వస్తే పళ్ళు బిగబట్టి ఓర్చుకోకండి. కళ్ళు పూర్తిగా తెరిచి, పాదాలు నేలకు నొక్కి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. అప్పటికీ ఎక్కడున్నారో తెలియనట్టుగా ఉంటే ఆ రోజు సాధన ఆపేయాలి. అది పదేపదే జరిగితే సైకియాట్రిస్టుకు చెప్పి తీరాలి.

దీన్నుంచి ఎంత ఆశించాలో కూడా తెలిసి ఉండాలి. అమెరికాలోని మినియాపొలిస్‌లో పీటీఎస్‌డీ (భయంకర అనుభవాల తర్వాత మిగిలిపోయే మానసిక సమస్య) ఉన్న 116 మంది మాజీ సైనికులపై చేసిన అధ్యయనం 2015లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. కోర్సు ముగిసిన రెండు నెలలకు, తమ లక్షణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గాయన్నవాళ్ళు ఎంబీఎస్ఆర్ బృందంలో సుమారు 49 శాతం, మరో రకం గ్రూప్ థెరపీలో 28 శాతం. కానీ ఇక జబ్బే లేదని తేలినవాళ్ళ సంఖ్యలో రెండు బృందాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి మందులు, థెరపీ ఆపి ఇది పట్టుకోవద్దు. వాటితో పాటు చేయండి.

పది రోజుల విపశ్యన శిబిరం గురించి చాలామంది అడుగుతారు. అక్కడ తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, రోజుకు పది గంటల దాకా ధ్యానం, మాటలుండవు. పీడకలలు ఇంకా వస్తున్నవాళ్ళకు మొదటి అడుగుగా అది చాలా బరువు. వెళ్ళేట్టయితే దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి అడిగినచోట ఏదీ దాచకండి.

కోర్సుకు డబ్బు పెట్టలేనివాళ్ళకు అమెరికా ప్రభుత్వ వెటరన్స్ (మాజీ సైనికుల) విభాగం తయారుచేసిన మైండ్‌ఫుల్‌నెస్ కోచ్ యాప్ ఉచితం, కాకపోతే ఇంగ్లీషులో ఉంటుంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలా ఇంటింటా మిలిటరీవాళ్ళున్న ఊళ్ళలో నలుగురు కలిసి చేసుకుంటే ఇంకా మేలు, ఎందుకంటే తలుపుకు ఎదురుగానే ఎందుకు కూర్చున్నావని అక్కడ ఎవరూ అడగరు. డాక్టర్ అవసరమైతే ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్‌లో నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పి ఊరుకోకుండా కలలు, ఉలికిపాట్లు, కోపం అన్నీ చెప్పి సైకియాట్రీకి రిఫరల్ అడగండి. రాత్రిపూట తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.