పారిజాతం చెట్టు కింద మా అమ్మలు

మా అమ్మలుకి ఇప్పుడు ఇరవై నెలలు. పోయిన నెల దానికి ఋతువుల బొమ్మల కార్డులు కొన్నాను. శరదృతువు కార్డు మీద ఎర్రటి ఆకులు, గుమ్మడికాయలు ఉన్నాయి. రాజమండ్రిలో ఆ ఆకులు దానికి ఎక్కడని చూపించను? ఆశ్వయుజం వచ్చేసరికి మా పెరట్లో రాలేవి పారిజాతాలు. కార్డులు బీరువాలో పెట్టేసి, రోజూ పొద్దున్న ఆరింటికల్లా పిల్లని చెట్టు కిందికి తీసుకెళ్తున్నాను.

పారిజాతం రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతుంది. నేలన పడ్డ పూలు మామూలుగా పూజకి పెట్టరు, దీనికి మాత్రం రాలినవే ఏరుకోవడం ఆనవాయితీ. అంటే పసిపిల్లకి అందే ఎత్తులోనే, ఇంట్లో నిజంగా అవసరమైన పని ఒకటి ఉంది. మా అత్తయ్య రాత్రే చెట్టు కింద పాత పంచె పరుస్తారు. పొద్దున్నే మనవరాలి చేతికి చిన్న సజ్జ ఇస్తారు.

మొదటి రోజు గుప్పిటతో పట్టుకుని అన్నీ నలిపేసింది. నేను చెయ్యి పట్టుకుని చూపించబోతే, "వదిలెయ్యమ్మా, దాని చెయ్యే నేర్చుకుంటుంది" అన్నారు అత్తయ్య. వారం తిరక్కుండా బొటనవేలు, చూపుడువేలు కలిపి నారింజరంగు కాడ పట్టుకుని పైకెత్తడం మొదలుపెట్టింది. పిల్లలు తొమ్మిది పది నెలలకే రెండు వేళ్లతో చిన్న వస్తువులు పట్టుకుంటారు. కానీ ఇంత సున్నితమైనదాన్ని నలగకుండా ఎత్తడానికి చాలా ఓపిక కావాలి. ఒకరోజు కాడ నలిగి వేలికి రంగంటింది. వేలు పంచెకి రాసింది, మరక పడింది. వేలు చూసుకుంది, మరక చూసింది, ఇంకో పువ్వు తీసి ఈసారి కావాలనే రుద్దింది. "అది రంగు తల్లీ" అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. దానంతట అది కనిపెట్టింది కదా.

మా చెల్లి కొడుకుకి ఏడు నెలలు. వాణ్ణి అక్కడే చాప మీద పడుకోబెడితే కదిలే ఆకుల్ని చూస్తూ చాలాసేపు ఏడవకుండా ఉంటాడు. పారిజాతం ఆకు గరుకు కాగితంలా ఉంటుంది. అరికాలికి తాకిస్తే వేళ్లు ముడిచేశాడు, పువ్వు తాకిస్తే విప్పాడు. చేతికి మాత్రం ఏదీ ఇవ్వం, ఆ వయసులో దొరికినదల్లా నోట్లోకే వెళ్తుంది.

ఆదివారం సాయంత్రాలు గోదావరి గట్టుకి వెళ్తున్నాం. లంకల్లో రెల్లు తెల్లగా పూసింది. ఒక కంకి కోసి అమ్మలు మోచేతి మీద రాస్తే కితకితలకి నవ్వుతుంది. నూగు ముక్కులోకి పోతుందేమోనని మొహం దగ్గరికి రానివ్వను. గట్టు మీద తూనీగలు గుంపులుగా తిరుగుతుంటాయి. మా చిన్నప్పుడు వాటి తోకకి దారం కట్టి ఆడేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. దీనికి పట్టుకోవడం నేర్పదలచుకోలేదు. గడ్డిపోచ మీద వాలినప్పుడు ఇద్దరం కూర్చుండిపోతాం. అమ్మలు "తూ... తూ..." అని గుసగుసగా అంటుంది. ఇంట్లో అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఒకటి రెండు జాగ్రత్తలు తప్పకుండా చెప్పాలి. గురివింద గింజలు ముద్దుగా ఉంటాయి గానీ విషం. గన్నేరు కూడా అంతే. పిల్లలు ఏరుకునే చోట ఈ రెండూ లేకుండా ముందే చూసుకోండి. వానలు వెలిశాక డెంగీ దోమల టెన్షన్ ఎలాగూ ఉంటుంది, అవి పగలే కుడతాయి. అందుకే నిండు చేతుల చొక్కా, పొడుగు పైజమా వేసి తీసుకెళ్తాను. పెరట్లో ఎక్కడా నీళ్లు నిలవకుండా చూస్తాం.

నిన్న పంచె మీద పదకొండు పూలే ఉన్నాయి. అన్నీ ఏరి సజ్జలో వేసి, అత్తయ్యకి ఇవ్వకుండా అక్కడే నిలబడి పైకి చూసింది. ఇంకోటి పడుతుందని ఎదురుచూస్తోంది. నేనూ చూశాను. కాసేపటికి ఒకటి రాలి దాని జుట్టులో ఇరుక్కుంది. దానికి తెలియలేదు, ఇంకా పైకే చూస్తోంది.