ఖాళీ ఫారం మీద వేలిముద్ర: సెకండ్ ఇయర్‌కి ఎథిక్స్ చెప్పిన నా అనుభవం

నిన్న సాయంత్రం మా విద్యార్థుల ఆఖరి లాగ్‌బుక్ మీద సంతకం పెట్టాను. యాభై పుస్తకాల్లో నలభై తొమ్మిది ఎప్పుడో అయిపోయాయి. ఆ ఒక్కటే పదిహేను రోజులు నా బల్ల మీద ఉండిపోయింది. ఇప్పుడు మనసు తేలికపడింది. కోపం మాత్రం ఇంకా పోలేదు. అది చల్లారకముందే రాస్తున్నాను.

నేను కోస్తాలో ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో పాథాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో ఏట్‌కామ్ పాఠాలు తప్పనిసరి చేశారు. డాక్టర్ వైఖరి, నైతికత, రోగితో మాట్లాడే పద్ధతి, ఇవన్నీ కలిపి మొత్తం 27 మాడ్యూళ్ళు. సెకండ్ ఇయర్‌లో వచ్చే ఎనిమిదీ చెప్పాల్సింది పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ వాళ్ళమే. అంటే రోజూ రోగి మొహం చూడని డిపార్ట్‌మెంట్ల మీద పడ్డాయన్నమాట. ఈ ఏడాది మా డిపార్ట్‌మెంట్ వంతు నాకు వచ్చింది.

ట్రైనింగ్ మూడు రోజులు, బాగానే జరిగింది. టైమ్‌టేబుల్‌లో శనివారం మధ్యాహ్నం భోజనాల తర్వాత గంట ఇచ్చారు. మిగతా సబ్జెక్టులకు పనికిరాని గంటే ఎథిక్స్‌కి ఇస్తారని అప్పుడే అర్థమైంది. పిల్లల్ని వార్డుకి తీసుకెళ్ళడానికి అనుమతి కాగితం కోసం ఆఫీసు చుట్టూ మూడు వారాలు తిరిగాను. మీరూ ఈ పని మొదలుపెడుతుంటే ఆ కాగితం అడగడమే ముందు చేయండి. పాఠం తర్వాతైనా తయారు చేసుకోవచ్చు.

మొదటి క్లాసు నేను అనుకున్నదానికంటే బాగా జరిగింది. 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమీరా కోహ్లీ తీర్పు చెప్పాను. పరీక్ష కోసం చేసే లాపరోస్కోపీకి, అంటే చిన్న కోత పెట్టి కెమెరాతో కడుపు లోపల చూడడానికి, ఒప్పుకున్న ఆవిడ మత్తులో ఉండగానే, బయట కూర్చున్న వాళ్ళ అమ్మ దగ్గర ఒప్పుదల తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మేజర్ అయిన మనిషి మత్తులో ఉందని ఆమె బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదనీ, ప్రాణాపాయం లేనప్పుడు ఆమెకి మెలకువ వచ్చేదాకా ఆగాల్సిందేననీ కోర్టు తేల్చింది. ఒక అబ్బాయి 2002 నాటి మెడికల్ కౌన్సిల్ ఎథిక్స్ నిబంధనలు తెరిచి, ఆపరేషన్ ఒప్పుదల గురించిన వాక్యంలో భర్త లేదా భార్య ముందు, రోగి చివర ఉన్నాడని చూపించాడు. నేను ఎన్నోసార్లు చదివిన వాక్యమే. ఆ వరస నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. ఇలాంటి పిల్లలు ఉన్నారని గర్వంగానే చెబుతున్నాను.

ఆటానమీ (రోగి నిర్ణయం రోగిదే), బెనిఫిసెన్స్ (మేలు చేయడం), నాన్ మాలెఫిసెన్స్ (హాని చేయకపోవడం), జస్టిస్ (న్యాయం). నాలుగు సూత్రాలూ ఏ కేసు ఇచ్చినా చకచకా రాసేశారు. పని అయిపోయిందనుకున్నాను.

తర్వాతి వారం పన్నెండు మందిని సర్జరీ వార్డుకి తీసుకెళ్ళాను. మర్నాడు ఓటీ, అంటే ఆపరేషన్లు ఉన్నాయి. లిస్టులో ఉన్నవాళ్ళందరి దగ్గరా ఒక పీజీ (సర్జరీలో పై చదువు చదువుతున్న జూనియర్ డాక్టర్) వరసగా ఒప్పుదల కాగితాలు తీసుకుంటున్నాడు. చేతిలో ఫారాల కట్ట, దాని మీద స్టాంప్ ప్యాడ్. ఏడో బెడ్డు మీద ఒక పెద్దావిడ, షుగర్ వల్ల కాలికి పుండు, బొటనవేలూ పక్క వేలూ నల్లబడ్డాయి. అతను ఆవిడ చేతి బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద అద్ది, ఫారం మీద నొక్కి పక్క బెడ్డుకి వెళ్ళిపోయాడు. ఆవిడ వేలిని చీర కుచ్చిళ్ళ లోపలివైపు తుడుచుకుంది, పైకి మరక కనపడకుండా.

ఫారం బెడ్డు మీదే ఉంది. ఇంగ్లీషు ఫారం. ఏ ఆపరేషనో రాయాల్సిన గీత మీద ఏమీ లేదు.

నా పక్కనున్న అమ్మాయి ఆవిడ దగ్గరికి వంగి, "అమ్మమ్మా, మీకు సంతకం రాదా?" అంది.

"రాకేం తల్లీ, డ్వాక్రా లోన్ తీసుకున్నప్పుడల్లా పెడతన్నా గదా. ఈయన అడగలా."

"రేపు ఏం చేస్తామన్నారు?"

"పుండు కడిగి కట్టు కడతారంట."

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. నేను పీజీని పిలిచి, వీలైనంత మెల్లగా, "బాబూ, పైన ఖాళీగా ఉంది, వేళ్ళు తీయాల్సి రావచ్చని ఆవిడకి చెప్పారా?" అని అడిగాను. అతను నోరు తెరిచేలోపే యూనిట్‌లో పెద్దాయన వెనక నుంచి వచ్చారు. "మేడమ్, మీరు వెళ్ళి స్లైడ్లు చూసుకోండి. వార్డు ఎలా నడపాలో పాథాలజీ వాళ్ళు మాకు చెప్పక్కర్లేదు. రేపు పద్నాలుగు కేసులున్నాయి ఇక్కడ." వార్డంతా వినపడేలా అన్నారు. పిల్లలు, సిస్టర్లు, రోగుల బంధువులు, అందరూ నావైపే చూస్తున్నారు.

నేను "సారీ సర్" అన్నాను. పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నన్ను అన్న మాట కంటే నేను అన్న మాటే చెవిలో తిరిగింది.

మూడు రోజులకి లాగ్‌బుక్కులు వచ్చాయి. చూసినదాని గురించి సొంతంగా ఆలోచించి రాయాలి, మేం చదివి సంతకం పెట్టాలి. చాలామంది నాలుగు సూత్రాలు మళ్ళీ అప్పజెప్పారు. ఆ అమ్మాయి రాసింది ఇదీ: "పేషెంట్‌కి సంతకం వచ్చు. ఎవరూ అడగలేదు. క్లాసులో చెప్పినవన్నీ నాకు గుర్తొచ్చాయి. మేడమ్‌కి కూడా గుర్తొచ్చే ఉంటాయి. మేడమ్ సారీ చెప్పారు. పేషెంట్‌కి కాదు."

దాని మీద ఏమని సంతకం పెట్టను? పక్కన 'తృప్తికరం' అనే గడిలో టిక్కు పెట్టాలట. పుస్తకం మూసి బల్ల మీద పెట్టేశాను. మన దగ్గర ఎథిక్స్ పాఠం ఎక్కడ ఆగిపోతుందో నాకు అప్పుడు తెలిసింది. ఏది సరైనదో పిల్లలకి తెలుసు. పై వాళ్ళ ముందు ఆ మాట నోట్లోంచి ఎలా రావాలో వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. నాకూ నేర్పలేదు. నలభై ఏళ్ళు వచ్చి, ఎండీ చదివి, ఒక్క వాక్యం సరిగ్గా అనలేకపోయాను.

తర్వాతి శనివారం పాఠం పక్కన పెట్టి, "ఈ రోజు కేసు నేనే. మేడమ్ ఆ నిమిషంలో ఏం చేసి ఉండాల్సింది?" అని అడిగాను. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆపడం నా వల్ల కాలేదు. ఒకడు పెద్ద డాక్టరుగా నిలబడి నిజంగానే అరిచాడు. ఒక్కొక్కరూ అతని ముందుకొచ్చి మాట ప్రయత్నించారు. "ఇది తప్పు సర్" అన్నవాళ్ళందరికీ తిట్లే పడ్డాయి. చివరికి ఒకమ్మాయి, "సర్, ఈవిడకి సంతకం వచ్చంట. ఇంకో ఫారం తెమ్మంటారా?" అంది. తిట్టాల్సినవాడు ఒక్క క్షణం ఆగిపోయాడు. ఆ వాక్యాన్ని అందరి చేతా పైకి అనిపించాను, ఒకరి తర్వాత ఒకరు, యాభై మందితో.

"మేడమ్, రేపు ఆయనే మాకు ఎగ్జామినర్ అయితే?" అని వెనక బెంచీ అబ్బాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. సోమవారం అతన్ని ఓటీ సిస్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్ తీసి చూపించింది. మత్తు ఇవ్వకముందే రోగి పేరు, ఏ ఆపరేషను, ఎక్కడ, ఒప్పుకున్నాడా అని అక్కడ అడగాలి. "నేను ఈ గడి నింపకపోతే కేసు లోపలికి పోదు బాబూ" అంది. మీ కాలేజీలో ఈ పాఠాలు చెప్పేటప్పుడు ఒక క్లాసు సిస్టర్ చేత చెప్పించండి. మా ప్రొఫెసర్లు నలుగురు కలిసి చెప్పలేనిది ఆవిడ పది నిమిషాల్లో చెప్పింది. తర్వాత మా పిల్లలు తెలుగు ఫారాలు జిరాక్స్ తీయించి మూడు వార్డుల్లో సిస్టర్ల బల్ల మీద పెట్టారు. ఆ డబ్బు వాళ్ళ సొంతం. ఈ విషయం కాలేజీలో కనిపించిన వాళ్ళందరికీ చెబుతున్నాను, ఇంకా చెబుతాను.

లాగ్‌బుక్‌లో ఆ మాటలు రాసిన అమ్మాయి, మేం వార్డు నుంచి వచ్చేసిన రోజు సాయంత్రమే ఒక్కతే మళ్ళీ అక్కడికి వెళ్ళిందని నాకు ఆలస్యంగా తెలిసింది. పీజీ అప్పుడే అన్నం తింటున్నాడట, ముందు రోజు పొద్దున్నుంచీ డ్యూటీలోనే ఉన్నాడు. అతను కసురుకోలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, పాత ఫారం చించేసి, కొత్తది నింపి, రెండు వేళ్ళూ తీయాల్సి రావచ్చని ఆవిడ పక్కన కూర్చుని చెప్పాడు. ఆవిడ అడిగింది ఒక్కటే: "రెండు వేళ్ళూ పోతే చెప్పు నిలుస్తదా?" హవాయి చెప్పు నిలవదు, వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు వేసుకోవాలని చెప్పాడు. కాసేపు ఆలోచించి సంతకం పెట్టింది. కాగితం మీద ఆ సంతకం నేను చూశాను. అక్షరాలు గీతకి కొంచెం కిందికి జారాయి, ఒక్కటీ తప్పు లేదు.

నిన్న మధ్యాహ్నం ఆ వార్డుకి వెళ్ళాను, ఆ రోజు తర్వాత మొదటిసారి. ఆవిడ కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఉంది. "ఆ రోజు మిమ్మల్ని అడక్కుండా వేలిముద్ర వేయించుకుంటుంటే చూస్తూ ఊరుకున్నానమ్మా, తప్పు నాదే" అన్నాను.

"అదా? అదెప్పుడో కడుక్కున్నాలే తల్లీ. ఆ పట్టీ చెప్పులు ఇక్కడే ఇస్తారా, బయట కొనుక్కోవాలా?"

నాకు తెలియదు. కనుక్కుని చెబుతానని కిందికి వెళ్ళాను.