సముద్రపు మట్టి బాక్టీరియా నుంచి యాంటీబయాటిక్ దాకా: వరంగల్ ల్యాబులో నా అనుభవం

మాకు మట్టి బాపట్ల దగ్గరి సూర్యలంక నుంచి ఐస్ బాక్సులో, రైల్లో వస్తుంది. పైపొర తీసేసి లోపలి మట్టి 50 గ్రాములు చాలు. అక్కడి సముద్రపు నీళ్లు మాత్రం తప్పకుండా తెప్పించుకోవాలి. సాలినిస్పోరా లాంటి సముద్రపు బాక్టీరియాలు ఆ నీళ్లు లేనిదే పెరగవు.

మట్టిని లామినార్ ఫ్లోలో (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే క్యాబినెట్) వారం ఆరబెట్టి, గ్రాము మట్టిని 9 మి.లీ. స్టెరైల్ సముద్రపు నీటిలో కలిపి, 55 డిగ్రీల వాటర్ బాత్‌లో 6 నిమిషాలు ఉంచుతాను. తొందరగా పెరిగే బాక్టీరియా చాలావరకు పోతుంది, మాకు కావలసిన, యాంటీబయాటిక్‌లు తయారుచేసే ఆక్టినోమైసిటీస్ అనే బాక్టీరియా స్పోర్లు (విత్తనాల్లాంటివి) తట్టుకుంటాయి. బాసిల్లస్ స్పోర్లూ బతుకుతాయి, అందుకే బాగా పలుచన చేసి కూడా ప్లేట్లు వేయాలి.

మీడియం (బాక్టీరియా పెరిగే ఆహారం) స్టార్చ్ కేసీన్ అగార్, సగం సముద్రపు నీటితో. బూజు రాకుండా మి.లీ.కు 50 మైక్రోగ్రాముల నిస్టాటిన్, గ్రామ్ నెగటివ్ రకం బాక్టీరియాను ఆపడానికి 20 మైక్రోగ్రాముల నాలిడిక్సిక్ యాసిడ్. 28 డిగ్రీల్లో నాలుగు వారాలు ఉంచాలి. మన ఎండాకాలంలో మామూలు ఇంక్యుబేటర్ పనికిరాదు, అది వేడి చేయగలదే గానీ చల్లబరచలేదు. రెండూ చేసే బీఓడీ ఇంక్యుబేటరే కావాలి. ప్లేటుకు 25 మి.లీ. పోసి కవర్లో కట్టకపోతే అగార్ ఎండిపోతుంది.

కావలసిన కాలనీ లూప్‌కు (కొసన చిన్న వలయం ఉన్న తీగ) రాదు. అగార్‌లోకి దిగి గట్టిగా పట్టుకుని ఉంటుంది, సూదితో కోసి తీయాలి. పైన సుద్దపొడి, మూత తీస్తే తొలకరి మట్టి వాసన. ఆ వాసన జియోస్మిన్‌ది.

కాలనీ ఉన్న అగార్‌ను 6 మి.మీ. ముక్క కోసి, స్టెఫైలోకాకస్ బాక్టీరియా పూసిన ముల్లర్ హింటన్ ప్లేటు మీద పెడితే జోన్ (ముక్క చుట్టూ ఆ బాక్టీరియా పెరగని ఖాళీ వలయం) తెలుస్తుంది. తర్వాత ఫ్లాస్కులో 7 రోజులు పెంచి, వడకట్టిన ద్రవాన్ని సమానమైన ఇథైల్ అసిటేట్ అనే సాల్వెంట్‌తో కలిపి రెండుసార్లు ఎక్స్‌ట్రాక్ట్ తీస్తాను. మధ్యలో నురగ పొర విడిపోకపోతే కాస్త ఉప్పు వేసి సెంట్రిఫ్యూజ్ చేయాలి.

ఎక్కువ శ్రమ వృథా అయ్యేది ఇక్కడే. ఎక్స్‌ట్రాక్ట్‌ను కాగితపు డిస్కు మీద వేసి మళ్లీ జోన్ చూసేటప్పుడు, ఆరని సాల్వెంట్ కూడా జోన్ ఇస్తుంది. అందుకే బాక్టీరియా వేయని మీడియం నుంచీ ఇలాగే ఎక్స్‌ట్రాక్ట్ తీసి, ఒక డిస్కు దానిది, ఒకటి వట్టి సాల్వెంట్‌ది పక్కన పెట్టకుండా ఏ జోన్‌నూ నమ్మను. ఎక్స్‌ట్రాక్ట్ నారింజ పసుపులో ఉంటే ముందు ఎప్పుడో కనుక్కున్న ఆక్టినోమైసిన్ డీ అని అనుమానించాలి. అణువుల బరువు కొలిచే ఎల్‌సీ ఎంఎస్‌లో 1255 దగ్గర పీక్ ఉంటే పాతదే. కొత్తవి దొరకవని కాదు. జపాన్ సముద్రంలో 289 మీటర్ల లోతు మట్టిలోని వెర్రుకోసిస్పోరా అనే ఆక్టినోమైసిటీ నుంచి అబిస్సోమైసిన్ సీ అనే కొత్త యాంటీబయాటిక్ దొరికింది. పాబా (బాక్టీరియా ఫోలిక్ యాసిడ్ తయారీకి వాడుకునే పదార్థం) కలిపితే జోన్ మాయమయ్యేవాటినే వెతికి పట్టారు. వెతికే పద్ధతి మారితే దొరికేదీ మారుతుందని నా నమ్మకం.

జోన్ ఇచ్చిన కాలనీని ఆ రోజే 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80లో పెట్టండి. ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూ పోతే కొన్నింటికి సుద్దపొడి పోయి నున్నబడతాయి, తరచు వాటితోపాటే జోన్ కూడా పోతుంది.