ఫుడ్ డైరీలో తప్పు దొరకలేదు

షుగర్ ఉన్నవాళ్లకు ఏం తినాలో చెప్పడం నా పని. అది ఎలా చెప్పాలో డైటెటిక్స్ విద్యార్థులకు నేర్పడం అసలు ఉద్యోగం. పదిహేడేళ్లుగా రెండూ చేస్తున్నాను. నా పీహెచ్‌డీ కూడా ఇందులోనే: చెప్పిన ఆహార నియమాలను రోగులు ఎందుకు పాటించరు అన్నది అంశం. మూడు వందల పేజీలు. అవి ఇప్పుడు అటక మీద ఉన్నాయి, అక్కడే ఉండనిస్తే మంచిదనిపిస్తుంది.

నలభై రెండో ఏట ఒక క్లాసులో గ్లూకోమీటర్ వాడకం చూపించడానికి నా వేలికే గుచ్చుకున్నాను. 238 వచ్చింది. "మేడమ్, చేతికి ఏదైనా తీపి అంటుకుందేమో" అన్నాడొక కుర్రాడు. నేను నేర్పిన పాఠమే. చేతులు కడుక్కొచ్చి మళ్లీ గుచ్చాను. 241. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 9.1 ఉంది. 6.5 కాడికి వస్తే మధుమేహమే అని ఏటా బోర్డు మీద రాసేదాన్ని నేనే. వయసు నలభై దాటింది కనుక టైప్ 2 అనుకున్నారు డాక్టరు గారు. మెట్‌ఫార్మిన్ రాసి, "డైట్ గురించి మీకు నేను చెప్పాలా!" అన్నారు. నాకూ ఆ మాట ముద్దుగానే అనిపించింది. ఇద్దరం అక్కడే పప్పులో కాలేశాం.

కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. వంటవాడి ఇంట్లో పస్తులన్నట్టు, డైటీషియన్‌కి షుగర్ అంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఒక నోట్‌బుక్ కొని ఫుడ్ డైరీ మొదలుపెట్టాను. తిన్న ప్రతిదీ తూకం వేసి, పిండిపదార్థం ఎన్ని గ్రాములో పక్కన రాసుకునేదాన్ని. రోజుకు 180 గ్రాములతో మొదలుపెట్టి 120కి తగ్గించాను. షుగర్ తగ్గలేదు. 60కి వచ్చాను. కొంచెం తగ్గి, మళ్లీ ఎక్కింది. రెండో మాత్ర కలిపారు. అయిదు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గితే "ఏం చేస్తున్నారు మేడమ్, మాకూ చెప్పండి" అన్నారు స్టాఫ్ రూములో. రాత్రి నాలుగుసార్లు లేచి బాత్రూముకి వెళ్తున్నానని మాత్రం వాళ్లకు చెప్పలేదు.

ఆ తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు గారు నా నోట్‌బుక్ తిరగేసి, చాలా మర్యాదగా అడిగారు: "ఇందులో రాయనివి ఏమైనా ఉన్నాయా?"

ఆ ప్రశ్న నాది. అదే గొంతుతో, అంతే మర్యాదగా, ఎన్ని వందల మందిని అడిగానో. అవతలి కుర్చీలో కూర్చుంటే అది ఎలా వినపడుతుందో పదిహేడేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. ఇంటికొచ్చి, నిజంగానే ఏదైనా రాయడం మర్చిపోయానా అని పేజీలన్నీ వెనక్కి తిరగేశాను.

ఇందులో నన్ను ఇంకా బాధపెట్టే విషయం ఒకటుంది. ప్రతి బ్యాచ్‌కీ మొదటి క్లాసులో ఇన్సులిన్ చరిత్ర చెబుతాను. ఇన్సులిన్ లేని కాలంలో అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అనే డాక్టరు రోగులను దాదాపు పస్తులుంచేవాడు. పిల్లలు ఎముకల గూడై పోయేవారు, అయినా ఇంకొన్ని నెలలు బతికేవారు. ఆ రోజుల్లో అంతకంటే మార్గం లేదు. టొరంటోలో 1922 జనవరి 11న లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. అది సరిగా పనిచేయలేదు. జేమ్స్ కాలిప్ ఆ మందును ఇంకా శుద్ధి చేశాక జనవరి 23న మళ్లీ ఇస్తే షుగర్ దిగింది. ఇక్కడికి రాగానే గొంతు కొంచెం తగ్గించి చెబుతాను, క్లాసు నిశ్శబ్దమైపోతుంది. ఆ ఏడాదీ అలాగే చెప్పాను. చెప్పి ఇంటికొచ్చి, 60 గ్రాములను 40 చేసుకున్నాను. ఆలెన్ పెట్టిన పస్తులను నా చేత్తో నేనే పెట్టుకుంటున్నానని తట్టనే లేదు.

ఒకరోజు పొద్దున వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఊపిరి లోతుగా, వేగంగా, పరుగెత్తి వచ్చినట్టు ఆడుతోంది. మా ఆయన నా మీదికి వంగి, "నోట్లోంచి అదోలా, మాగిన పండు వాసన వస్తోంది" అన్నారు. ఆయనకు ఈ చదువుల గొడవ ఏమీ తెలియదు. నాకు తెలుసు. ఆ వాసన కీటోన్లది, అంటే ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటే రక్తంలో పేరుకునే ఆమ్లాలది. నేను ప్రశ్నపత్రంలో ఇచ్చే ప్రశ్నే అది.

ఐసీయూలో మూడు రోజులు. సెలైన్, నరంలోకి ఇన్సులిన్, గంట గంటకూ వేలికి సూది. ఇన్సులిన్ వెళ్తుంటే రక్తంలో పొటాషియం పడిపోతుంది, అందుకని దానికోసం విడిగా రక్తం తీసేవారు. రెండో రోజు ఎండోక్రైనాలజిస్టు వచ్చారు. నా నోట్‌బుక్ అడగలేదు. "బరువు ఎంత తగ్గారు? ఎన్నాళ్లలో?" అని అడిగారు. ఒళ్లు తన క్లోమం మీద తానే దాడి చేస్తోందా అని చూసే జీఏడీ యాంటీబాడీలు, సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సి-పెప్టైడ్ పరీక్షలకు పంపారు. మొదటిది పాజిటివ్, రెండోది బాగా తక్కువ. అంటే నా ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను మెల్లగా చంపుతోంది. ఇది టైప్ 1 మధుమేహం; పెద్దవాళ్లలో నెమ్మదిగా వచ్చే ఈ రకాన్ని లాడా అంటారు. మొదట్లో టైప్ 2లాగే కనిపిస్తుంది. నేను ఎంత తక్కువ తిన్నా కాలేయం చక్కెర తయారుచేసి వదులుతూనే ఉంది, దాన్ని ఆపడానికి ఇన్సులిన్ చాలడం లేదు. డైరీలో తప్పు ఎక్కడ దొరుకుతుంది?

ఆ సాయంత్రం ఏడ్చాను. భయంతో అనుకున్నారు మా ఆయన. కాదు, నిశ్చింతతో.

కోలుకోవడం అంటే ఈ జబ్బులో వేరే అర్థం. రోజుకు నాలుగు ఇంజెక్షన్లు నాతోనే ఉంటాయి. పోయిన బరువు మాత్రం మూడు నెలల్లో వచ్చింది. అన్నిటికంటే కష్టమైంది మళ్లీ కడుపునిండా తినడం. పళ్లెం ముందు కూర్చుంటే చెయ్యి వెనక్కి పోయేది. ఎన్ని గ్రాములకు ఎంత ఇన్సులిన్ అనే లెక్క నేనే అందరికీ నేర్పాను, నా దగ్గరికొచ్చేసరికి అదే భోజనానికి నిన్న ఒకలా, ఇవాళ ఇంకోలా వచ్చేది. నిద్ర చాలకపోతే ఒక లెక్క, టెన్షన్ ఉంటే ఒక లెక్క, నెలసరికి ముందు ఇంకో లెక్క.

షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవాలని చెబుతాం. చాలా సులువైన సూత్రం. తెల్లవారుజామున మూడింటికి 52 దగ్గర చేతులు వణుకుతూ, ఒళ్లంతా చెమటతో వంటింట్లో నేల మీద కూర్చుంటే, ఆ 15 నిమిషాలు ఆగడం మనిషి వల్ల అయ్యే పని కాదు. కనిపించిందల్లా తినేశాను. గంట తర్వాత 290. పొద్దున్నే నోట్‌బుక్‌లో అది రాయాలంటే సిగ్గేసింది. రోగులు ఎందుకు రాయరో మూడు వందల పేజీల్లో నాకు దొరకని కారణం ఆ ఒక్క పేజీలో ఉంది.

ఇప్పుడు కాలేజీలో అందరికీ తెలుసు. క్లాసు మధ్యలో, షుగర్ పడిపోతోందని ఒంటికి అంటించుకున్న సెన్సర్ కూత పెడితే ఆగి, జేబులోంచి గ్లూకోజ్ బిళ్ల తీసి నములుతాను. పిల్లలకు అలవాటైపోయింది. కేసు షీట్లలో 'నియమాలు పాటించడం లేదు' అనే మాట రాయనివ్వను. ఏం జరిగిందో అది రాయమంటాను.

మొన్న సెమిస్టర్ పరీక్షలో ఒక కేసు ఇచ్చాను: నలభై దాటిన మనిషి, డైరీ నిక్కచ్చిగా ఉంది, షుగర్ దిగడం లేదు, బరువు తగ్గుతోంది, మీరేం చేస్తారు? ముప్ఫై ఒక్క మందిలో నలుగురు టైప్ 1 అనుమానించి డాక్టరుకు చెబుతామని రాశారు. మిగతావాళ్లలో ఎక్కువమంది, ఇంకో రెండు వారాలు జాగ్రత్తగా డైరీ రాయమంటాం అన్నారు. అందులో ఒకమ్మాయి 'మర్యాదగా' అనే మాట కూడా చేర్చింది. సగం మార్కులు వేశాను, ఆ పేపర్ ఇచ్చేటప్పుడు మాత్రం తన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.